నిన్నటిదాకా పోలీసు

పోలీసు కుక్కతో పదేళ్ళు తిరిగి, దాంతోపాటే రిటైరైన హెడ్డు, మర్నాడే రాయిదెబ్బ తిన్న ఆ కుక్కని ఎత్తుకుని స్టేషనుకొచ్చాడు.

"పోలీసు కుక్కని కొడితే జైలేగా! కేసు రాయి" అన్నాడు రైటరుతో.

రైటరు తల గోక్కున్నాడు. "ఆ చట్టం సర్వీసులో ఉన్నవాటికే బాబాయ్. నిన్నయితే రాసేవాణ్ణి. ఇవాళ ఇదీ వీధికుక్కే."

"నిన్న దీనికి సెల్యూట్ కొట్టింది నువ్వే కదరా!" అంటూ హెడ్డు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

ఒంటిగది ఇంటికొచ్చి, కుక్క కాలికి కట్టుకట్టి, దాని ముందు అన్నం గిన్నె పెట్టాడు. చట్టం తనని మరిచిపోయినా, కుక్క తన శిక్షణ మరవలేదు. చొంగ కారుతున్నా, ఆయన చెప్పందే ముట్టదు.

"తిను" అన్నాడు. తింది.

ఆయన మాత్రం తన కంచం ముందు చాలాసేపు కూర్చున్నాడు. భార్య పోయాక ఆయనకి ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.