జానెడు తాడు

ఆ రోజుల్లో దోహాలో నాకు నచ్చిందంటూ ఒక్కటీ లేదు. కొత్త ఉద్యోగం, ఫరీజ్ బిన్ మహమూద్‌లో అక్కా బావల ఇంట్లో మకాం. ఆదివారం ఆఫీసు తెరవగానే రాజీనామా ఇచ్చేసి మన ఊరికి పోతానని చెబితే అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బావ మాత్రం, "శుక్రవారం పడవెక్కుదాం. తర్వాత నీ ఇష్టం" అన్నాడు. బావది గోదావరి ఒడ్డు. కొండల మధ్య నది ఇరుకై, బండల మీద నురగలెత్తే చోట వాళ్ళ నాన్న నాటు పడవ నడిపేవాడు. అక్క పెళ్ళైన కొత్తలో బావ నన్నూ అందులో ఎక్కించాడు. సుడి అంచున పడవ గిర్రున తిరిగితే నేను కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. (తెలియని వాళ్ళను కూడా.) బావ తెడ్లు వేస్తూ, "కళ్ళు తెరవరా, మళ్ళీ చూద్దామన్నా దొరకదు!" అని నవ్వాడు.

ఉత్తరాన సముద్రపు ఒడ్డున మదీనత్ అల్ షమాల్‌లో చేపలు పట్టే బెంగాలీ చాచా ఒకాయన బావకు స్నేహితుడు. తన చిన్న చెక్క పడవ ఇస్తూ, సముద్రం సంగతి తెలుసా అని హిందీలో అడిగాడు. "చాచా, హమ్ గోదావరి కా ఆద్మీ" అన్నాడు బావ, గోదావరి మనిషికి ఇక వేరే జవాబు అక్కర్లేదన్నట్టు.

చలికాలపు ఎండ హాయిగా ఉంది. కాసేపు తెడ్లు వేసి, పాడుబడ్డ ఒక జెట్టీ దగ్గర ఆగాం. బావ పడవను స్తంభానికి కట్టాడు. జానెడు తాడు కూడా వదల్లేదు.

"కొంచెం వదులు చెయ్యి బావా."

"వదులుంటే సుడి లాగేసి బండకి కొడద్ది. ముక్కలైపోద్ది. నీకు తెలీదు, ఊరుకో."

అక్క కట్టిచ్చిన పులిహోర తిని, తువ్వాళ్ళు మొహాన కప్పుకుని జెట్టీ మీదే పడుకున్నాం. లేచేసరికి ఆటు వచ్చి సముద్రం వెనక్కి పోయింది. కింద తడి ఇసుక. మా పడవ తోక ఇసుకలో, ముక్కు స్తంభానికి వేలాడుతూ, పలుపు బిగిసిన దూడలా ఉంది.

బావ జెట్టీ అంచు నుంచి కిందికి వంగి చూశాడు. "ఏరా, ఇందాకటి నీళ్ళేవిరా?"

నాకు నవ్వు ఆగలేదు. దోహా వచ్చాక అలా నవ్వడం అదే మొదలు. బావ ముడి విప్పబోయాడు. పడవ బరువుకు అది ఇనుములా బిగిసింది. చాచాకు ఫోన్ చేస్తే ఆయన నవ్వి నవ్వి, "పానీ ఆయేగా, బైఠో" అన్నాడు. నీళ్ళొస్తాయి, కూర్చోండి.

"విన్నావుగా" అన్నాడు బావ, నా వంక చూసి.

"ఆదివారం సంగతి వేరు బావా."

"నేనేవన్నాను? పడవ గురించే."

సాయంత్రానికి పోటు వచ్చి పడవను నిదానంగా లేపింది. తిరిగి వస్తుంటే ఇసుక మేట మీద అలలు విరిగి పిసరంత తెల్లదనం కనిపించింది. "నురగరా! చూడు, నురగ!" అని బావ తెడ్లు వదిలేసి మరీ అరిచాడు.

ఆదివారం డ్యూటీకి పోయాను. గొప్ప కారణమేమీ లేదు. ఈ కథ ఆఫీసులో ఎవరికైనా చెప్పాలి కదా.

బావ నిరుడు పోయాడు. మొన్నొక శుక్రవారం అక్కను తీసుకుని అక్కడికి వెళ్ళాను. చాచా ఏమీ అడక్కుండా పడవ ఇచ్చాడు. జెట్టీ దగ్గర నేను తాడు కడుతుంటే అక్క చూసి, "అదేవిట్రా, జానెడైనా వదల్లేదు!" అంది.

ఆటుపోట్ల సంగతి ఇన్నేళ్ళలో నాకు బాగానే తెలిసింది.

"నీళ్ళు పోయినా మళ్ళీ వస్తాయిలే అక్కా, కూర్చో" అన్నాను.