వాన పడాల్సిన ఘట్టం

మా చెల్లెలి కూతురు కథ రాసిపెట్టమని అడిగితే మొదట కసురుకున్నాను. తెనాలిలో కాలేజీ పిల్లలకు ప్రబంధాలు చెప్పి చెప్పి, గొంతు అరగదీసుకుని రిటైరైన మనిషిని. ఫోన్‌లో ఆడుకునే ఆటకు నేను కథ రాయడమేంటి, నాకేం పొద్దుపోకనా? అది వదిలితేగా. హైదరాబాదులో నిక్షేపంలాంటి ఉద్యోగం మానేసి వచ్చి, ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి బాపట్లలో గది అద్దెకు తీసుకుని, వీడియో గేమ్ తయారుచేస్తున్న పిల్ల అది. మొండితనం మా పుట్టింటి సొత్తు కాబట్టి ఇంకొకరిని అని లాభం లేదు.

"కొత్త కథలేం వద్దు పెద్దమ్మా. నువ్వు పాఠం చెప్పే పాత కావ్యాల్లో కథ ఎలా నడుస్తుందో అలా నడిపించు, చాలు" అంది.

నడిపించాను. రాజ్యం పోగొట్టుకున్న రాకుమారి, ఒక శాపం, అడవి, ఆ తర్వాత పరాయి రాజు వంటశాలలో ఏడాది పాటు మారువేషం. నగర వర్ణన మాత్రం ప్రాణం పెట్టి, గుక్క తిప్పుకోకుండా చదవాల్సినంత పొడుగున రాసి పంపించాను. వెంటనే ఫోన్ చేసింది.

"ఇది చదివేలోపు శత్రువు వచ్చి తల నరికేస్తాడు పెద్దమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. కొన్నాళ్ళు దాంతో మాట్లాడలేదు. ఆఖరికి ఉండబట్టలేక ప్యాసింజర్ బండెక్కి బాపట్ల వెళ్ళి చూద్దును కదా, నా వర్ణన నా వర్ణనలాగే ఉంది. కోటగోడ, అగడ్త, పూలంగళ్ళు, మేడల మీద పావురాలు, ఒక్కటీ తీసెయ్యలేదు. అన్నిటికీ బొమ్మలు వేసి, ఆడేవాళ్ళని అందులో నడవమంది. క్లాసులో నేను పురవర్ణన మొదలుపెడితే వెనక బెంచీలు గురక పెట్టేవి. ఇక్కడ ఈ ముగ్గురు ఆడపిల్లలు, తెచ్చుకున్న ఇడ్లీలు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ వీధులు పట్టుకు తిరుగుతున్నారు. పాత కవులు అంతంత వర్ణనలు రాసింది మనల్ని అందులో తిప్పడానికేనేమో అనిపించింది. భలే ముచ్చటేసింది నాకు. సిగ్గు విడిచి, నన్నూ ఆ పూలంగళ్ళ వైపు తీసుకెళ్ళవే అని అడిగాను.

వంటశాల ఘట్టం ఇంకా బాగా కుదిరింది. రాకుమారి చేత అంట్లు తోమించాలి, పొయ్యి రాజేయించాలి, పిండి రుబ్బించాలి. కాస్త రాజసంగా తలెత్తి నడిచిందా, కాపలావాళ్ళు గుర్తుపట్టేస్తారు. అలా ఎవరి కంటా పడకుండా ఏడాది గడిపితేనే మారువేషం తీసే యోగం.

పిల్ల దిగులల్లా వాళ్ళ నాన్న గురించే. మా మరిది రేపల్లె దగ్గర పల్లెలో వ్యవసాయం చేస్తాడు. బంగారంలాంటి మనిషి, కానీ నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. కూతురు ఉద్యోగం మానేసి ఏం చేస్తోందో ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే "బ్యాంకు పరీక్షలకి చదువుతోందండి" అని తప్పించుకుంటాడు. ఆ మాట పిల్ల చెవిన పడనే పడింది.

"నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా పెద్దమ్మా? నేను చేసే పని ఇదీ అని నాన్న నలుగురిలో ఒక్కసారి చెబితే చాలు, ఇంకేం వద్దు" అని నా దగ్గర ఏడ్చింది.

వంటశాల ఘట్టం పూర్తికాగానే ఇద్దరం రేపల్లె రైలెక్కాం. నారు పోసి అందరూ వాన కోసం చూస్తున్న రోజులవి. మా మరిది వరండాలో కూర్చుని ఫోన్ అందుకున్నాడు. పలుమార్లు దొరికిపోయాడు. పట్టు వదలకుండా మళ్ళీ ఆడి, రాకుమారిని ఏడాది దాటించాడు. మారువేషం తీసేసింది, కొలువంతా లేచి నిలబడింది, ఘట్టం అయిపోయింది. ఆయన మాత్రం ఇంకా ఫోన్ వంకే చూస్తున్నాడు.

"వానేదమ్మా?" అన్నాడు.

"ఏం వాన నాన్నా?"

"అజ్ఞాతవాసం అయిపోయిందిగా. వాన పడాలి."

అంతే. ఫోన్ తిరిగి ఇచ్చేసి కండువా దులుపుకుని పొలానికి వెళ్ళిపోయాడు. పిల్ల మొహం మాడిపోయింది. "ఇన్నాళ్ళ కష్టం చూపిస్తే వాన లేదంటాడేంటి పెద్దమ్మా? బాగుందనో, బాగాలేదనో అనొచ్చుగా" అని వంటింట్లో గోడకేసి తిరిగి కూర్చుంది.

నాకు నవ్వాగలేదు. "ఓసి పిచ్చిదానా, కాలవ చివరి ఊరు మీది, నీళ్ళు అందేది అందరికన్నా ఆఖరున. మీ నాన్న చిన్నప్పుడు వానలు మొహం చాటేస్తే ఊళ్ళో పురాణం చదివించేవాళ్ళు. ఏదో ఒక కథ చదివితే కుదరదు. ఏడాదిపాటు మారువేషాల్లో దాక్కున్న వాళ్ళ కథే చదవాలి. అది ముగిస్తే వాన వస్తుందని నమ్మకం. చివరి పద్యం దగ్గర జనమంతా ఆకాశంకేసి చూసేవాళ్ళు. మీ నాన్న నీ ఆటని ఆటలా ఆడలేదే. కూర్చుని పురాణం విన్నట్టు విన్నాడు" అన్నాను.

గోడకేసి కూర్చున్నదల్లా ఇటు తిరిగింది. తర్వాత కళ్ళు తుడుచుకుని బాపట్లకు ఫోన్ చేసింది. స్నేహితురాళ్ళు ససేమిరా అన్నారు. వాన పెడితే ఫోన్లు వేడెక్కుతాయట, ఆట నత్తనడక నడుస్తుందట. వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుని, అలిగి, కలిసి, మొత్తానికి వాన పెట్టారు.

మళ్ళీ రేపల్లె రైలు. పొలాల మీద ఇంకా చినుకు లేదు. మా మరిది ఈసారి ఎక్కడా దొరక్కుండా ఏడాది గడిపించాడు. రాకుమారి మారువేషం తీసింది. వంటశాల పెంకుల మీద ఒక చినుకు, ఇంకో చినుకు, ఆపైన కోటంతా, కోట బయటి చేలన్నీ ఏకధారగా వాన.

"ఆ బాణం గుర్తు నొక్కితే ముందుకెళ్తుంది నాన్నా" అంది పిల్ల.

"ఉండమ్మా, తడవనీ" అన్నాడు.

ఎంతసేపటికీ నొక్కలేదు. మడికట్లు నిండాలేమో మరి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇంతలో పక్కచేను రైతు వచ్చి ఆయన భుజం మీదుగా తొంగిచూశాడు. "ఏంటి బావా, ఫోన్‌లో వాన చూస్తున్నావు? అవునూ, అమ్మాయి పరీక్షలెప్పుడు?"

"పరీక్షల్లేవు, ఏం లేవు. మా అమ్మాయి వీడియో గేములు తయారుచేస్తుంది" అన్నాడు మా మరిది, ఫోన్ మీంచి కళ్ళెత్తకుండానే. "ఈ వాన అది చేసిందే."

"ఏదీ, నన్నూ చూడనీ" అని ఆయన చెయ్యి చాపాడు. మా మరిది చప్పున ఫోన్ వెనక్కి లాక్కుని, ఘట్టం మళ్ళీ మొదటికి తిప్పి అప్పుడు ఆయన చేతిలో పెట్టాడు.

"ఊరికే పడుతుందేంటి బావా? కూర్చో. ముందు ఆ అంట్లన్నీ తోము."