బస్సులో పాడే మారెలిస్

బరాంకియా సిటీ బస్సుల్లో పాడే మారెలిస్‌కు పద్దెనిమిదేళ్లు. ఎక్కేముందు ప్రతిసారీ ఒక లవంగం బుగ్గన పెట్టుకుని, చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, బెదురుగా డ్రైవరు ముఖం చూసేది. తండ్రి ఎవెల్సియో కూడా డ్రైవరే. పాటలంటే మండిపడే మనిషి. అందుకే ఆయన నడిపే రూటు వైపు వెళ్లేదే కాదు.

ఒకరోజు జడివానలో తొందరగా వెనక తలుపులోంచి ఎక్కేసి, గిటారు మీటి, కళ్లు మూసుకుని, తాను కట్టిన పాటే అందుకుంది. పల్లవి ముగిసేసరికి బస్సు ఆగింది, ఇంజనూ ఆగింది. కళ్లు తెరిస్తే ఎదుటి అద్దంలో తండ్రి! ఆ రోజు ఎవరికో బదులుగా ఈ రూటుకొచ్చాడు.

"నాన్నా..."

"ఇంజను మోతలో సరిగ్గా వినబడలేదే తల్లీ," అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. "మొదటినుంచి పాడు."