రిలీఫ్ వాల్వు మీద పసుపు చుక్క

పదిహేనేళ్లుగా ఒక పసుపు పెయింటు చుక్కను మోస్తున్నాను. చుక్కకు బరువేమిటని మీరు నవ్వుతారేమో. పూర్తిగా విని నవ్వండి.

పటమటలో నాది హైడ్రాలిక్ రిపేరు షెడ్డు. గొప్పలు కాదు గానీ, ప్రెషర్ వాల్వుల పనిలో నాకు తిరుగులేదు. ఒత్తిడి తగ్గించి పంపేది, ఒక సిలిండరు పని ముగిశాకే రెండోదానికి ఆయిల్ వదిలేది, ఎత్తిన బరువు దబ్బున జారకుండా ఆపేది, ఏది మొరాయించినా చెయ్యి పెట్టి చెప్పేస్తాను. అన్నిటికీ పెద్దదిక్కు రిలీఫ్ వాల్వు. ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకులోకి మళ్లించేస్తుంది. దాన్ని గేజి చూసి సెట్ చేశాక నట్టు మీద పెయింటు చుక్క పెడతాం. చుక్క చెదిరితే ఎవరో కదిపినట్టే.

పదిహేనేళ్ల కిందట ఒక టిప్పర్ ఓనరు వచ్చాడు. ఇసుక ఎక్కువ పోస్తే తొట్టి లేవడం లేదన్నాడు. కుదరదని పంపేయాల్సింది. నా చేతిలో పడ్డాక లేవకపోవడమా అనుకున్నాను. ఒత్తిడి హద్దు పెరిగేలా రిలీఫ్ వాల్వు స్క్రూ ఒకటిన్నర చుట్టు బిగించాను. తొట్టి లేచింది. పాత చుక్క గీకేసి కొత్తది పెట్టాను.

నాలుగో రోజు హనుమాన్ జంక్షన్‌లో ఆ బండి ఆయిల్ గొట్టం, హోస్, పగిలింది. కాగిన ఆయిల్ పడి డ్రైవర్ కుడిచెయ్యి కాలింది. ఆ హోస్ తయారుచేసింది నా పక్క షెడ్డు జానీ గారు. అందరూ ఆయన్నే తిట్టారు. ఓనరుకు నిజం తెలుసు, ఇసుక ఎక్కువ పోసింది తనే కాబట్టి బయటపెట్టలేదు. జానీ గారు బండి దగ్గరికి నన్నే పిలిచారు.

"ఒత్తిడేమన్నా పెరిగిందేమో చూడండి. నా హోస్ అంత తేలిగ్గా పగలదండీ."

"చుక్క చెదరలేదు కదా జానీ గారూ."

ఆయన వంగి చూశారు. "అవునండీ. అయితే తప్పు నా చేతిదే అయ్యుంటది."

ఎందుకలా అన్నాను? భయపడ్డానా? లేదు. పేరు పోతుందని. అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు, ఆ వెతకడం కూడా నన్ను నేను మంచివాడిగా చూసుకోవాలనే ఆశతోనేమో.

జానీ గారు మళ్లీ హోస్ ముట్టుకోలేదు. గుణదలలో తమ్ముడి టైర్ల కొట్లో కూర్చున్నారు. నిరుడు పోయారు. చివరిదాకా ఆయన పంపారంటూ నా దగ్గరికి బళ్లు వస్తూనే ఉండేవి. "వాల్వు పనికి ఆయన దగ్గరికే వెళ్లండి. ఆయన చుక్క పెట్టారంటే ఇంక చూసుకోనక్కర్లేదు" అనేవారట.

డ్రైవర్ వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. అతనికీ చెప్పలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

హోస్ మంచిదే. స్క్రూ తిప్పింది నేను. ఈ మాట రాశాక చెయ్యి కాస్త తేలికైంది.