జతల లెక్క

కితేరియా ఇంట్లో ఉందో లేదో తెలుసుకోవడానికి మా వీధిలో ఎవరూ తలుపు తట్టరు. బిల్రోల చప్పుడు వినిపిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. బిల్రోలంటే లేసు అల్లే కర్రపుల్లలు. ఒక కొసన గట్టి కాయ, ఇంకో కొసన దారం. ఎండిన అరటాకులు కుక్కిన దిండు మీద నమూనా అట్ట పరిచి, జెముడు ముళ్లు గుచ్చి, ఆ ముళ్ల చుట్టూ పుల్లలను దాటిస్తూ పోతుంది. కాయలు ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, పని మొదలుపెట్టింది ఏడో ఏట. సియరా తీరంలోని మా పేటలో అంత సన్నగా అల్లేవాళ్లు ఇద్దరే మిగిలారు. రెండో ఆమెకు చూపు పోయింది.

ఎనిమిదేళ్ల కిందట సముద్రం కితేరియా ఇంటి వెనక గోడను పట్టుకుపోయింది. కొత్త ఇల్లు నాలుగు వీధులు లోపలికి కట్టుకున్నా అల చప్పుడు ఆమెను వదల్లేదు. పడుకుంటే గుండె దడ. అప్పటి డాక్టరు ఆందోళన తగ్గడానికి క్లోనాజెపామ్ చుక్కలు రాశాడు. రాత్రి పడుకునే ముందు పది చుక్కలు, కొన్నాళ్లు వాడమన్నాడు. ఆ కొన్నాళ్లు ఎనిమిదేళ్లయింది. ఆరోగ్య కేంద్రంలో డాక్టర్లు మారారు, ఈ మందుకు రాసే నీలం చీటీ మాత్రం మారలేదు. మందులిచ్చే కిటికీలో ఉండే పాతావిడ, కితేరియా అడిగినప్పుడల్లా సీసా చేతిలో పెట్టి పంపేది.

కిందటేడు ఆ కిటికీలోకి తార్సిసో అనే కొత్తతను వచ్చాడు. లెక్క తెలిసినవాడు.

"దోనా కితేరియా, సీసాలో అయిదొందల చుక్కలుంటాయి. రోజుకి పది. యాభై రోజులు రావాలి. మీరు ఇరవై అయిదో రోజుకే వచ్చేశారు."

"అయిపోయింది బాబూ. అయిపోతే రాక ఏం చేస్తాను?"

"ఎవరికి పోస్తున్నారమ్మా?"

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. మా పేటలో ఈ చుక్కలు కాఫీపొడిలా చేబదులు తిరుగుతాయి. ఇంట్లో చావైతే అయిదు, కోడలు అలిగి వెళ్లిపోతే మూడు. వరుసలో వెనక నిలబడ్డ ఫిలో, పక్కింటావిడే, పకపకా నవ్వింది.

"ఆవిడింట్లో కాఫీ తాగి చూడు నాయనా, మధ్యాహ్నం దాకా లేవవు!"

"నీకెప్పుడు పోశానే కాఫీ? ముందు నా గ్లాసు తెచ్చివ్వు," అని కితేరియా సీసా లేకుండానే ఇంటికి వచ్చేసింది. నిజానికి ఆమె ఒక్క చుక్క కూడా ఎవరికీ ఇచ్చిన మనిషి కాదు. ఆ సంగతి చెప్పుకోవడానికి అభిమానం అడ్డొచ్చింది.

నాలుగో రోజు పొద్దున ఎడిల్మా ఆ వీధిలోకి వచ్చింది. ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం కనుక్కునే ఉద్యోగం ఆమెది. బిల్రోల చప్పుడు వింటూనే ఆగిపోయింది. రెండు టకటకలు, ఆగడం, ఒక పుల్ల నేల మీద పడడం. లోపలికి వెళితే కితేరియా చెమటలో తడిసి ఉంది. చేతులు దిండు మీద నిలవడం లేదు. ముళ్ల మధ్య దారం చిక్కుపడిపోయింది.

"కంటి మీద కునుకు లేక నాలుగు రోజులైందమ్మాయీ. ఈ చేతులు నావి కావు. ఇవి పోతే నాకింకేం ఉంది?"

"నిజం చెప్పు పిన్నీ. నేను పోలీసుని కాను. చుక్కలు ఎవరికిచ్చావు?"

"నువ్వు కూడానా!"

ఎడిల్మా ఖాళీ సీసా మూతి ఊడదీసి, నీళ్లు నింపి, మళ్లీ బిగించి ఇచ్చింది. "రోజూ ఎలా వేసుకుంటావో అలాగే వెయ్యి."

కితేరియా సీసాను తలకిందులు చేసి నిటారుగా పట్టుకుంది. వణుకుతున్నా ఆ పద్ధతి తప్పలేదు. ఒక చుక్క పడింది, ఇంకో చుక్క పడింది. "ఒకటి," అంది. మళ్లీ రెండు పడ్డాక, "రెండు."

"ఆగాగు! రెండు పడితే ఒకటంటావేంటి?"

"మరింకేమంటారు? ఒంటి బిల్రోతో ఎవరైనా అల్లుతారా?"

లేసు పనిలో అన్నీ జతలే. పన్నెండు అంటే పన్నెండు జతలు. అరవై ఏళ్లుగా ఆమె చేతులకు తెలిసిన లెక్క అదొక్కటే. ఎడిల్మా తల్లి కూడా అలాగే లెక్కపెట్టేది. అయినా చుక్కల దగ్గర ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఎనిమిదేళ్లుగా కితేరియా పది అంటోంది, ఇరవై మింగుతోంది.

"గుడ్లు కూడా ఇలాగే లెక్కపెడతావా?"

"గుడ్లు లెక్కదాకా ఎక్కడొస్తాయి? ఫిలో పట్టుకుపోతుందిగా."

ఆ పూటే ఎడిల్మా ఆమెను ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ సొలాంజ్ దగ్గరికి తీసుకెళ్లింది. పొద్దున్నే తూలుడు వస్తుందా, ఎక్కడైనా పడ్డావా, పేర్లు మరిచిపోతున్నావా అని డాక్టరు అడిగింది. ఈస్టరుకు ముందు గడపలో పడ్డానని, అది వయసనుకున్నానని కితేరియా చెప్పింది.

"వయసూ కొంత ఉందమ్మా. చాలావరకు ఈ చుక్కలే."

"అయితే ఇక మానేస్తాను. నాలుగు రోజులు ఎలాగూ మానేశాగా."

"అదే చెయ్యకూడదు. ఇన్నేళ్ల అలవాటును ఒక్కసారి ఆపితే మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఒకేసారి పదికి దించడమూ మంచిది కాదు. ఇవాళ మళ్లీ ఇరవై వేసుకో. అక్కడి నుంచి దిగుదాం."

"ఎంత చొప్పున?"

"రెండు వారాలకి ఒక జత. చివరి జతలు ఇంకా నెమ్మదిగా."

ఆ నాలుగు రోజుల్లో కితేరియా మొదటిసారి నవ్వింది. డాక్టరు కాగితం మీద జతలూ చుక్కలూ, రెండు లెక్కలూ పక్కపక్కన రాసింది. ఇబ్బందిగా ఉంటే దిగకుండా ఆగిపోయి నా దగ్గరికి రా, నీ అంతట నువ్వు పెంచకు, పండగ రోజైనా సారా ముట్టకు అని చెప్పి, ఆ మాటలు కూడా కింద రాసింది.

సంగతి తెలిసి తార్సిసో సిగ్గుపడ్డాడు. "అందరి ముందూ అనేశానమ్మా," అన్నాడు.

"అందరి ముందే వెనక్కి తీసుకో."

పింఛన్ల రోజు, వరుస గుమ్మం దాటి వీధిలోకి వచ్చిన వేళ, కిటికీలోంచి తల బయటపెట్టి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

కితేరియా దిండు అంచున జతకొకటి చొప్పున పది జెముడు ముళ్లు వరసగా గుచ్చుకుంది. రెండు వారాలకొకటి పీకేది. ఏడు దగ్గర పొద్దుటి తూలుడు తగ్గింది. నాలుగు దగ్గర వానలు పట్టుకున్నాయి, అలలు పెద్దవయ్యాయి, దడ మళ్లీ వచ్చింది. డాక్టరు ఆమెను అక్కడే ఆపింది. ఏడు వారాలు నాలుగు ముళ్లూ కదల్లేదు. ఎడిల్మా వచ్చినప్పుడల్లా ముళ్లు లెక్కపెట్టి వెళ్లేది. ఎనిమిదో వారం కితేరియా తనే ఒక ముల్లు పీకబోయి, ఆగి, డాక్టరును అడిగొచ్చి పీకింది.

మూడు ముళ్లున్న రోజుల్లో ఫిలో గ్లాసు పట్టుకుని వచ్చింది. కొడుకు మోటారు సైకిలు మీంచి పడి ఆసుపత్రిలో ఉన్నాడు.

"అయిదు చుక్కలు పొయ్యవే, చచ్చి నీ కడుపున పుడతా. నాకూ అయిదు రాశారు, సీసా అయిపోయింది."

"నీ అయిదంటే ఎన్ని?"

"అయిదంటే అయిదే! ఇదేం ప్రశ్న?"

"నేనూ ఎనిమిదేళ్లు అలాగే అనుకున్నాను."

కితేరియా పుల్లలు దిండు మీద సర్దిపెట్టింది. సీసా ఉన్న బీరువా వైపు చూడలేదు. చెప్పులేసుకుని, ఫిలో చేతిలోంచి గ్లాసు తీసుకుని, అది తనదే కాబట్టి బల్ల మీద పెట్టి, ఆమె మోచెయ్యి పట్టుకుని ఆరోగ్య కేంద్రం వైపు నడిచింది.

ఆ మధ్యాహ్నం వీధిలో బిల్రోల చప్పుడు లేదు. కితేరియా ఇంట్లో లేదని అందరికీ తెలిసింది.