ఉయ్యాలకెక్కిన రికార్డు

సాంసన్‌ను ఒక్కచోట కూర్చోబెట్టడం పాన్‌గల్‌లో ఎవరి వల్లా కాలేదు. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే అందరూ కళ్లు మూసుకుంటారు. అతను మాత్రం ఒక కన్ను తెరిచి, గోడమీది స్పీకరు ఎందుకు గరగరమంటోందా అని చూస్తుంటాడు. అన్నం తింటూ లేస్తాడు, మాట్లాడుతూ లేస్తాడు. పెళ్లిచూపులకు వచ్చినరోజు చాయ్ చేతికి అందేలోగా లేచి, తమ ఇంటి రేడియో విప్పి ముందరేసుకున్నాడని భార్య రజిత ఇప్పటికీ చెబుతుంది. ఆ రేడియో మళ్లీ మోగలేదన్న సంగతి మాత్రం అత్తగారింట్లో ఎవరూ ఎత్తరు.

తండ్రి యోసేపు వదిలిపోయిన ఆస్తి ఒక మైక్ సెట్టు. రెండు పెద్ద గొట్టం స్పీకర్లు, ఒక ఆంప్లిఫయరు, రికార్డులు తిప్పే పాత పెట్టె, ట్రంకు నిండా రికార్డులు. యోసేపు, ఆయన భార్య బాలమ్మ వయసులో ఉన్నన్నాళ్లూ, కూలీలను పోగుచేసి తీసుకుపోయే గుంపు మేస్త్రీల వెంట లారీలెక్కి దేశం తిరిగినవాళ్లు. ఎక్కడ కాలువ తవ్వితే అక్కడ, ఎక్కడ డ్యాం కడితే అక్కడ. సాంసన్ పుట్టింది కూడా ఏదో డ్యాం పక్కన వేసిన గుడిసెలోనే. కూడబెట్టిందంతా పెట్టి ఆ మైక్ సెట్టు కొన్నరోజు, ఇంక మన ఇంట్లో ఎవరూ లారీ ఎక్కేది లేదని యోసేపు అన్నాడు. చనిపోయేదాకా ఆ మాట నిలబెట్టుకున్నాడు. పెళ్లిళ్లు, క్రిస్మస్, బీచుపల్లి జాతర, ఎలక్షన్లు, అన్నీ ఆ గొట్టాల మీదే గడిచాయి.

ఆ మాట కొడుకు నిలబెట్టేలా కనపడలేదు. రెండువేల ఆరు, ఏడు నాటికి పెళ్లివాళ్లు మైక్ సెట్టు అడగడం మానేసి డీజే అడగడం మొదలుపెట్టారు. గద్వాలలో శ్రీనాథ్ అనే కుర్రాడు రెండు సీడీ డెక్కులు, నల్లటి పెద్ద బాక్సులు, రంగురంగుల లైట్లు తెచ్చి డీసీఎం బండి మీద పేర్చాడు. ఆ బండి వస్తే గుండెలదురుతాయి, కిటికీ అద్దాలు టకటకలాడతాయి, జనం అదే కావాలంటారు. సాంసన్ గొట్టాలకు దుమ్ము పట్టింది. ఇంట్లో రెండు పూటలూ జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారమే అయింది.

ఈ సంగతులన్నీ ఎవరు మోస్తారో గానీ, గుంపు మేస్త్రీ ఆశీర్వాదం చెవిన పడనే పడ్డాయి. ఒకరోజు వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండానే అన్నాడు.

"పెండ్లిళ్ల దినాలు అయిపోంగనే పూణె దిక్కు లారీ పోతది. నీకు, రజితకు జాగ ఉంచమంటవా?"

లోపల రజిత చేతిలోని చెంబును టపీమని కింద పెట్టిన చప్పుడు ఇద్దరికీ వినపడింది.

అలాంటి సమయంలో మల్లన్న బండి వచ్చి ఆగింది. మల్లన్న ఊళ్లో పెద్ద రైతు, యోసేపు మైక్ సెట్టు తప్ప ఇంకోటి ఇంట్లో మోగనివ్వనివాడు. ఆయన బిడ్డ ఉమ పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు శ్రవణ్ కుమార్‌ది గద్వాల, ఉద్యోగం హైదరాబాద్‌లో. అక్కడ ఏదో హోటల్లో డీజే పళ్లెంలాంటి దాని మీద రికార్డు పెట్టి, చేత్తో ముందుకీ వెనక్కీ గుంజి కిర్రుకిర్రుమనిపిస్తుంటే చూశాడట. తన ఎదురుకోలు అలాగే జరగాలని పట్టుబట్టాడు.

"శ్రీనాథును పెట్టుకుందమంటుండు అల్లుడు. మీ నాయన మొకం చూసి నీకు చెప్తున్న. చేతనైతదా, కాదా?"

"ఎందుకు కాదు పటేలా? చేస్త."

"శ్రీనాథు బండి గూడ ఎనుక వస్తది మల్ల. నీది నడిమిట్ల ఒక్కపారి ఆగిందో, ఆయన అందుకుంటడు. అల్లునితోని గట్లనే మాటైంది."

మల్లన్న అటు వెళ్లగానే సాంసన్ ఇటు వనపర్తి వెళ్లి హైదరాబాద్ బస్సెక్కాడు. కోఠీలో డీజే సామాన్ల దుకాణాలన్నీ తిరిగాడు. ఆ పళ్లేన్ని టర్న్‌టేబుల్ అంటారు. చవకరకానికి పక్కన మోటారు ఉండి, రబ్బరు బెల్టు పళ్లేన్ని తిప్పుతుంది. చేత్తో ఆపి వదిలితే అలిగిన పిల్లలా మెల్లగా కదులుతుంది. అద్దాల అల్మారాలో పెట్టిన జపాన్‌ది అలా కాదు. మోటారు నేరుగా పళ్లెం కిందే ఉంటుంది, వదిలీవదలగానే వేగం అందుకుంటుంది. సాంసన్ దాని ముందు నిలబడిపోయాడు.

"కొనేదుందా?" అన్నాడు దుకాణదారు.

"చూసేదుంది," అన్నాడు సాంసన్.

ఆయనకేం తోచిందో, అల్మారా తెరిచి ఒక్కసారి తిప్పి చూడనిచ్చాడు. దాని ధర విన్నాక సాంసన్ తిన్నగా బస్టాండుకు నడిచాడు. ఊరికి వచ్చేసరికి మాత్రం ఒక నిశ్చయానికి వచ్చాడు. కొనలేనిది చేసుకోవాలి.

తండ్రి గొట్టాలు రెండూ అమ్మేశాడు. వాటిని ఆటోకెత్తుతుంటే బాలమ్మ బయటికి రాలేదు. ఆ డబ్బుతో పాత బాక్సులు కొన్నాడు. వనపర్తిలో మూతపడిన వీడియో దుకాణం నుంచి పాత వీసీఆర్‌లు తెచ్చి, వాటిలోని చదునైన మోటారు ఊడబీకాడు. ట్రాక్టరు సామాన్ల లేత్ షాపులో అల్యూమినియం బిళ్లను గుండ్రంగా తిప్పించాడు. రికార్డు పళ్లెం మీద జారుతుండాలి గనక కింద నున్నటి గుడ్డ కావాలంటే, రజిత గద్వాల చీరల దుకాణానికి పోయి ఎవరికీ పనికిరాని పట్టుముక్క అడుక్కొచ్చి గుండ్రంగా కత్తిరించింది. సూది మాత్రం కోఠీలో కొన్నదే. ఇంటి అరుగు మీద పెట్టి, తండ్రి రికార్డుల్లోని బ్యాండు మేళం వేసి చేత్తో గుంజితే కిర్రుమంది, వదిలితే మేళం అందుకుంది. వాడంతా వచ్చి చూసింది. సాంసన్ ఆ పూట అన్నం తినడమే మరిచిపోయాడు.

మర్నాడు ట్రాక్టరు ట్రాలీ మీదికెక్కించి తారురోడ్డు దాటారో లేదో సూది ఎగిరింది. ఢబ్బుమని బాక్సులు మొత్తుకున్నాయి.

మైక్ సెట్టు పెట్టేవాళ్లందరికీ ఒక అలవాటు ఉంటుంది. మన రోడ్ల మీద వదులుగా ఉన్నది ఏదైనా పడిపోతుంది గనక, దేన్నయినా ముందు బిగించేస్తారు. సాంసన్ కూడా బిగించాడు. టర్న్‌టేబుల్‌ను ట్రాలీకి బోల్టులేసి బిగించాడు, మీద ఇనుప పట్టీ వేశాడు. సూది ఇంకా ఎగిరింది. మరో పట్టీ వేశాడు, కింద చెక్క దిగ్గొట్టాడు. ఎంత బిగిస్తే అంత ఎగిరింది. గుంతల కుదుపూ, బాక్సుల దడదడా, రెండూ ఆ ఇనుము వెంబడి సూది దాకా ఎక్కుతున్నాయి. హైదరాబాద్ హోటల్లో టర్న్‌టేబుల్ కదలకుండా ఉంటుంది, జనం చుట్టూ తిరుగుతారు. ఇక్కడ పెళ్లి మొత్తం రోడ్డు మీద నడుస్తుంది. జపాన్ వాడు పాపం పాన్‌గల్ రోడ్డును చూసి చేయలేదు కదా.

పెళ్లి దగ్గరపడింది. సాంసన్‌కు లోపల భయం మొదలైంది. స్పానరు విసిరికొట్టాడు, మళ్లీ వెతికి తెచ్చుకున్నాడు. రజిత వంటింటి గడపలో నిలబడి, "నేనైతె లారీ ఎక్క," అంది.

వాకిట్లో పల్లికాయ ఒలుస్తున్న బాలమ్మ చాలాసేపటి నుంచి ఇదంతా చూస్తోంది.

"గంతగనం బిగిస్తే దుంకదా మరి?" అంది.

"నీకు తెల్వదు, జర ఊకో అమ్మా."

"నిన్ను లారీ చెక్కకేసి కట్టిన్నా నేను?"

సాంసన్ చేతిలోని స్పానరు ఆగింది.

"చీరతోని ఉయ్యాల కట్టి, లారీ పైన కడ్డీలకు ఏలాడదీస్తుంటి. లారీ ఎంత ఎత్తేసినా నీ ఉయ్యాల జర ఊగేది, అంతే. నువ్వు అల్కగ ఉంటివని కింద జొన్నపిండి మూట పెట్టేదాన్ని, గాలికి ఊగులాడకుండ. లారీ పోతున్నంతసేపు పండుకుంటుంటివి. ఆగితే లేసి ఏడుస్తుంటివి. లారీ ఆగింది బిడ్డా, దిగుదాం, అని ఎత్తుకుంటుంటి."

సాంసన్ తల్లి వంక చూశాడు, ట్రాలీ వంక చూశాడు. బోల్టులన్నీ విప్పడం మొదలుపెట్టాడు. బాలమ్మ లోపలికి పోయి, ఉతికి ఉతికి రంగు పోయిన నేత చీర ఒకటి తెచ్చింది. లైట్ల కోసం ట్రాలీ మీద నిలబెట్టిన పైపులకు దాన్ని తనే కట్టింది. ముడి ఎవరినీ వేయనివ్వలేదు. లోపల ఇసుకమూట, దాని మీద పలక, ఆ పైన టర్న్‌టేబుల్. అటూ ఇటూ మరీ ఊగకుండా సాంసన్ నాలుగు మూలలా సైకిల్ ట్యూబు ముక్కలు వదులుగా కట్టాడు. రోడ్డు మీదికి తీసుకుపోతే సూది నిలిచింది. నిలిచిందన్న మాటేగానీ అతనికి నమ్మకం కుదరలేదు. ఊరినిండా జనం, బాక్సుల పూర్తి చప్పుడు, అవి ఉన్నప్పటి సంగతి వేరు.

ఎదురుకోలు పొద్దున మొదలైంది. పెళ్లికొడుకును ఊరి మొదటి నుంచి మల్లన్న ఇంటి ముందర పందిరి దాకా తీసుకురావాలి. ముందు సాంసన్ ట్రాలీ, దాని వెనక జనం, జనం వెనక పూలు కట్టిన జీపులో శ్రవణ్ కుమార్, అందరి వెనకా శ్రీనాథ్ డీసీఎం. అతని బాక్సులు మూగగా ఉన్నాయి గానీ జనరేటరు నడుస్తూనే ఉంది. బాలమ్మ ట్రాలీ ఎక్కి ఉయ్యాల పక్కన కూర్చుంది. వద్దంటే, "ముడి ఊడితే నువ్వు కడ్తవా?" అంది.

"ఎవరి పిల్లగాడే లోపల?" అని జనం నవ్వారు. జీపులోంచి పెళ్లికొడుకు కూడా మెడ చాచి చూసి నవ్వాడు. సాంసన్‌కు చెవులు వేడెక్కాయి.

పాటలు క్యాసెట్ మీద నడిచాయి, వాటి నడుమ కిర్రుకిర్రు రికార్డు మీద. కుర్రాళ్లు ఎగరడం మొదలుపెట్టారు. సాంసన్‌కు మాత్రం వాళ్లెవరూ కనపడటం లేదు. ఒక కన్ను సూది మీద, ఒక కన్ను ముందున్న రోడ్డు మీద. మంచినీళ్ల పైపు కోసం రోడ్డుకు అడ్డంగా తవ్వి, పైపైన మట్టి కప్పి వదిలేసిన చోటు ముందు ఉంది. సరిగ్గా అక్కడికి వచ్చేముందే శ్రవణ్ కుమార్ జీపు మీద లేచి నిలబడి చేతులూపాడు.

"క్యాసెట్ బంద్ చెయ్ అన్నా. ఉత్త రికార్డే కొట్టు."

క్యాసెట్ ఆపాడు. ఇప్పుడు సూది ఎగిరితే వెనక ఏ పాటా లేదు దాచడానికి. శ్రీనాథ్ డీసీఎం మీద స్విచ్చుల మీదికి వంగడం కనపడింది. పందిరి వైపు నడిచిపోతున్న ఆశీర్వాదం తెల్లటి తలపాగా కూడా కనపడింది. సాంసన్ బ్యాండు మేళం రికార్డు మీద చెయ్యి వేశాడు.

ట్రాలీ ముందు చక్రాలు గుంతలోకి దిగాయి. పైపులు కిర్రుమన్నాయి, బాక్సులు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, సాంసన్ మోకాళ్ల మీద పడబోయి పైపు పట్టుకున్నాడు. ఉయ్యాల ఒక పక్కకు ఒరిగింది. బాలమ్మ అరచెయ్యి దాని కింద ఆనింది. పట్టలేదు, నెట్టలేదు, ఊరికే ఆనించింది. వెనక చక్రాలు దిగి ఎక్కాయి. మేళం ఆగలేదు. సాంసన్ రికార్డు గుంజాడు, వదిలాడు, గుంజాడు. శ్రవణ్ కుమార్ జీపులోంచి దూకి జనంలో కలిశాడు. పెళ్లికొడుకు దిగి ఆడితే ఇక పెద్దవాళ్లు కూడా ఆగలేదు, మల్లన్న కండువా తలకు చుట్టాడు.

పందిరి దగ్గరపడుతుండగా శ్రీనాథ్ జనాన్ని తోసుకుంటూ వచ్చి ట్రాలీ అంచు పట్టుకుని నడిచాడు. అతని కళ్లు ఉయ్యాల మీదే ఉన్నాయి.

"ఏ కంపెనీదన్నా ఇది?"

"ఎందుకు?"

"నా బండి మీదికి గిట్లాంటిది ఒకటి చేసిస్తవా? ఉయ్యాలతోని సహా."

సాంసన్ తల ఊపాడు.

ట్రాక్టరు పందిరి ముందు ఆగింది. ట్రాలీలోని జనరేటరు ఆపేశారు. పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్నారు, మిగతావాళ్లు భోజనాల బంతి వైపు మళ్లారు. సాంసన్ చెయ్యి మాత్రం ఆగలేదు. చప్పుడు లేని రికార్డును ముందుకీ వెనక్కీ గుంజుతూనే ఉన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా తెలియలేదు.

బాలమ్మ లేచి, కొంగుతో అతని మొహం తుడిచి, చెయ్యి పట్టుకుంది.

"లారీ ఆగింది బిడ్డా," అంది. "దిగుదాం."

సాంసన్ దిగాడు. తల్లి పక్కన, రజితకు ఎదురుగా బంతిలో కూర్చున్నాడు. విస్తరిలో వడ్డించిందంతా తిన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు.