అయిదో కన్నం

ఒక బోర్డు కోసం ఆరేళ్ళు అరిగిపోయిన మనిషికి ఎంత ఒళ్ళు మండాలో, ఆ సోమవారం ఆవిడకి అంతా మండింది.

ఆవిడ మోటార్లు చుట్టే మెకానిక్ కూతురు. నాన్న స్క్రూడ్రైవర్ కొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, బేరింగు ఇంకెన్నాళ్ళు వస్తుందో ఇట్టే చెప్పేసేవాడు. ఆయన చెవి మందగించాక, ఆ పని చేసే పరికరం తానే చేద్దామని, పాఠాలు చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టి పీహెచ్‌డీలో చేరింది. అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ బోర్డు చేసింది. దాని నమూనా, ప్రోగ్రాము, అన్నీ నెట్‌లో అందరికీ తెరిచి పెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరిదో చెబితే చాలు. బోర్డుకి నాలుగు మూలలా నాలుగు కన్నాలు స్క్రూలకి. పై అంచున అయిదోది మాత్రం నాన్న అడిగితే పెట్టింది. బల్ల మీద పెడితే గ్రీజు అంటుకుంటుందని, గోడకి తగిలించుకునేలా చెయ్యమన్నాడాయన.

సెలవు నెలాఖరుకి సరి. ఇక పొడిగించేది లేదని కాలేజీ వాళ్ళు ముఖం మీదే చెప్పేశారు. ఆ సోమవారం కమిటీ సరేనంటే థీసిస్ ఇచ్చేసి డాక్టరుగా వెనక్కి వెళ్ళొచ్చు. లేదంటే ఉత్తచేతులతో వెళ్ళాలి.

కమిటీ పెద్దాయన ఆవిణ్ణి మాట పూర్తి చెయ్యనిస్తే కదా. వేరే ల్యాబ్ వాళ్ళు కిందటేడు అచ్చు వేసిన పేపరొకటి బల్ల మీద పడేశాడు. అందులో ఉన్నది ఆవిడ బోర్డే. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు. మరి నీ కొత్తదనం ఏముందని నిలదీశాడు. పైగా అయిదో కన్నం బోర్డు అదురు తగ్గించడానికని వాళ్ళు రెండు పేరాలు రాశారు. అదెందుకో కూడా తెలియకుండా దించేశావా అన్నట్టు చూశాడు. గైడు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆరేళ్ళుగా ఆయన చేసిన సాయం అదే.

"అది మా నాన్న మేకు కోసం సార్," అంది.

అలాగని ఎక్కడ రాశావన్నారు. మొదటి రోజే, నెట్‌లో పెట్టిన వివరణలో రాసింది. మేకూ గీకూ ఏం మర్యాదగా ఉంటుందని గైడు అంటే, బుద్ధి తక్కువై ఆ వరస కొట్టేసింది. అయితే అక్కడ కొట్టేసింది ఎక్కడికీ పోదు. ఎవరు ఎప్పుడు రాశారో, ఎప్పుడు తీశారో తేదీలతో సహా పడి ఉంటుంది. వెతికి తెర మీద పెట్టింది. ఎర్ర రంగులో ఒక్క వరస: పై కన్నం, నాన్న కొట్లో మేకుకి. ఆ పేపరుకి మూడేళ్ళ ముందు తేదీ.

అందరూ నవ్వారు. పెద్దాయనా నవ్వాడు, బోర్డు నీదేనని ఒప్పుకున్నాడు. ఆవిడ ఊపిరి పీల్చుకునేలోగా కలం తీశాడు.

"కానీ అచ్చయింది వాళ్ళది కదమ్మా. ఆ కన్నం వల్ల అదురు తగ్గుతుందో లేదో కొలిచి, ఒక అధ్యాయం రాసి తీసుకురా. ఆర్నెల్లు చాలు."

తిన్నగా నాన్న కొట్టుకి వెళ్ళింది. రాగితీగ చుడుతున్న ఆయన చెవి దగ్గరికి వంగి, జరిగింది గట్టిగా చెప్పింది. ఆయన గోడకేసి చూశాడు. బోర్డు మేకుకి వేలాడుతోంది.

"నేను అడక్కుండా ఉంటే బావుండేదే," అన్నాడు.

"నువ్వు అడక్కపోతే అది నాదని కూడా నమ్మేవాళ్ళు కాదు నాన్నా."

ఒకటో తారీఖున పాత ఉద్యోగానికి వెళ్ళింది, ముందు డాక్టరు లేని పాత పేరుతోనే.